ఉప్పు మానిన నాలుక

1964 మార్చి అయిదో తారీకున లింబయ్య వండిన బెల్లం పెనం నల్లగా దిగింది. వరసగా అది మూడోది.

బోధన్ నుంచి రెంజల్ పోయే దారిలో భోజన్న పటేల్‌కు చెరుకు తోట ఉండేది. చెరుకు చాలావరకు ఫ్యాక్టరీకి పోయేది. కాలువ ఊట నిలిచి ఉప్పదేరిన పల్లపు చేను చెరుకును మాత్రం అక్కడే గానుగ ఆడించి బెల్లం వండించేవాడు. ఇరవై రెండేళ్లుగా వండేది లింబయ్య. పొయ్యిలోకి చెరుకు పిప్పి ఎగదోసేది ఆయన భార్య సాయవ్వ. గానుగ ఇంజను నడిపేది లాల్‌మియా.

బెల్లం వండడంలో చిక్కంతా సున్నంలో ఉంది. రసం కాగేటప్పుడు సున్నపు తేట పోస్తే మడ్డి పైకి తేలుతుంది. తేట తక్కువైతే బెల్లం గడ్డ కట్టదు, ఎక్కువైతే నల్లబడుతుంది. ఎంత పోయాలన్నది చేనును బట్టి, రోజును బట్టి మారుతుంది. లింబయ్య గరిటెతో కాస్త రసం తీసి, చల్లారనిచ్చి నాలుక మీద వేసుకునేవాడు. ఉప్పదనం ఎంత తగిలితే అన్ని చెంబుల తేట. తండ్రి నేర్పింది అదొక్కటే.

"ఏందిరా లింబయ్య, బెల్లం వండుతున్నవా, తారు వండుతున్నవా?" అన్నాడు భోజన్న నల్లటి గడ్డను కాలితో కదిపి. "ఇంకో రెండు పెనాలు సూస్త. గవ్వి గూడ గిట్లనే దిగితే నందిపేట నుంచి వేరే మనిషిని పిలిపిస్త."

లింబయ్య ఒక్కొక్కటే లెక్క చూసుకున్నాడు. చెయ్యి అదే, పెనం అదే, చేను అదే. సున్నంలో తేడా ఉందేమోనని లాల్‌మియాను బోధన్ పంపి కొత్త సున్నం తెప్పించి అప్పటికే చూశారు. మూడో పెనం ఆ కొత్త సున్నంతో వండిందే.

మారిందల్లా ఒక్కటి. దాన్ని ఎవరూ బెల్లంతో కలిపి ఆలోచించలేదు.

లింబయ్యకు చర్చిలో పేరు తీతు. ఆ పేరుతో పిలిచేది ఊళ్లో ప్రార్థనలు నడిపే ఉపదేశి రామ్‌దాస్ ఒక్కడే. ఆ ఏడు శివరాత్రి మర్నాడే, ఈస్టర్ ముందటి శ్రమ దినాలు మొదలయ్యే భస్మ బుధవారం వచ్చింది. రంజాన్ పండుగ కూడా ఆ వారంలోనే. దానికి ముందు ఆదివారం నిజామాబాద్ నుంచి పాదిరి అయ్యగారు వచ్చి, శ్రమ దినాలు నలభై రోజులూ సాదా తిండి తినాలని, నాలుక కోరేదాన్ని విడిచిపెట్టాలని బోధించారు. ఎవరు ఏది విడుస్తారో లేచి చెప్పమన్నారు. ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లు ఒకరు మాంసం అన్నారు, ఒకరు చాయ్ అన్నారు, ఒకరు బీడీ అన్నారు.

లింబయ్య లేచి నిలబడ్డాడు. మాంసం తినేది క్రిస్మస్‌కు, పెళ్లిళ్లకు. వరి అన్నం పండుగకు. చాయ్ బోధన్ పోతేనే. రోజూ తినేది పొద్దున జొన్న రవ్వ ఉడికించిన గట్క, మాపటికి జొన్న రొట్టె, రెండింట్లోకీ మిరపకాయ తొక్కు. ఇందులోంచి ఏం తీసేయాలో తోచలేదు. అందరూ చూస్తున్నారు.

"ఉప్పు, కారం," అన్నాడు.

అయ్యగారు సంతోషించి రాసుకున్నారు. ఆడవాళ్ల వరసలో సాయవ్వ తల వంచుకుంది.

"మాంసమంటె అయిపోవు గద," అంది బయటికి వచ్చాక.

"తిననిది ఇడిస్తె ఇడిసినట్టెట్లయితదే?"

"గట్లయితె నువ్వొక్కనివే సప్పిడి తిను. నేను మాత్రం తొక్కు ఇడువ."

మొదటి వారం ముద్ద గొంతు దిగలేదు. తర్వాత అలవాటైంది. భోజన్న మాత్రం ఎగతాళి చేసేవాడు. "పొద్దంత రసం నాకుకుంట గిదేం ఒక్కపొద్దురా?" దాంతో లింబయ్యకు అనుమానం పట్టుకుంది. రామ్‌దాస్‌ను అడిగాడు.

"నువ్వు మానింది ఉప్పు, కారం. తీపి కాదు గద, తీతన్నా."

"మా చెరుకు రసంల ఉప్పుంటది ఉపదేశయ్యా. గదే నేను సూసేది."

రామ్‌దాస్ అయ్యగారికి ఉత్తరం రాసి కనుక్కుంటానన్నాడు.

మూడో పెనం నల్లబడ్డ మర్నాడు పొద్దున లింబయ్య బావి దగ్గర నీళ్లు తాగి ఉమ్మేశాడు. "గీ నీళ్లల్ల ఉప్పెవలేసిండ్రు?"

సాయవ్వ చెంబు తీసుకుని తాగింది. ఇంకో గుక్క తాగింది. "నీళ్లు ఎప్పటివే," అంది. "నీ నాలుకనే ఖరాబయింది. ఉప్పు లేక లేక జెర్రంత ఉప్పు గూడ నీకు శేరంత తగులుతున్నది. అందుకే సున్నం గుమ్మరిస్తున్నవ్."

లింబయ్యకు నమ్మబుద్ధి కాలేదు. తిండి తగ్గిస్తే మనసు శుభ్రపడుతుందని అయ్యగారు చెప్పారు. బెల్లం నల్లబడుతుందని చెప్పలేదు.

"ఇయ్యాల ఇంత తొక్కు తిను," అంది సాయవ్వ.

"సంఘం ముందట ఒప్పుకున్న."

"పని పోతె సంఘం పెనం ఇస్తదా?"

లాల్‌మియా ఇంజనుకు నూనె పోస్తూ కల్పించుకున్నాడు. "రోజా ఉన్నప్పుడు మా మసీదుల వండెటోడు నాలుక కొసన రుచి సూసి ఉమ్మేస్తడు లింబయ్య భాయ్. మింగకుంటె పర్వాలేదంటరు. నువ్వు గూడ తొక్కు పెట్టుకో, ఉమ్మేయ్. గప్పుడు రసం సూడు."

"మీ రోజాకు పనికొచ్చింది మా నలభై రోజులకు పనికొస్తదా?"

"గది నాకేం తెలుసు? మీ అయ్యగారినడుగు."

అయ్యగారి ఉత్తరం రాలేదు. రసం కాగుతోంది. లింబయ్య తొక్కు నాలుక మీద పెట్టుకున్నాడు, ఉమ్మాడు, నీళ్లు పుక్కిలించాడు, రసం చూశాడు. మూడు వారాల తర్వాత తగిలిన కారానికి నోరు మండిపోయి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. రసం ఉప్పో తీపో తెలియలేదు. భయపడి ఒక్క చెంబే పోశాడు. బెల్లం తెల్లగానే వచ్చింది కానీ గడ్డ కట్టలేదు. అచ్చుల్లో లేహ్యంలా మిగిలింది.

"ఒక్కటి మిగిలింది," అన్నాడు భోజన్న.

అయిదో పెనం శనివారం ఎక్కింది. లింబయ్య రసం చూసి నాలుగు చెంబులన్నట్టు నాలుగు వేళ్లు చూపించాడు. మళ్లీ చూసి మూడు చూపించాడు. మళ్లీ గరిటె ముంచబోయాడు. సాయవ్వ పొయ్యి దగ్గర నుంచి లేచి, చేతులకంటిన మసి కొంగుకు తుడుచుకుని గరిటె అందుకుంది. గానుగ దగ్గర ఆడవాళ్లు గరిటె ముట్టే ఆచారం లేదు.

"నీకేం తెలుసే?"

"పదిహేనేండ్ల సంది పొద్దుగాల కాగుల అడుగున మిగిలిన రసం నేనే తాగుతున్న. ఏ రసానికి నువ్వు ఎన్ని చెంబులు పోస్తవో సూస్తున్న." నాలుక మీద వేసుకుంది. "రెండున్నర."

లింబయ్య నాలుక ఒకసారి నాలుగు అంటోంది, ఒకసారి మూడు అంటోంది. నాలుకను నమ్మాలా, భార్యను నమ్మాలా అన్నది తేలలేదు. తేలేలోపు రసం పొంగుకొచ్చింది. రెండున్నర పోశాడు.

సాయంత్రం భోజన్న వచ్చి అచ్చు విప్పాడు. బెల్లం పచ్చగా ఉంది. ముక్క విరిచి నోట్లో వేసుకున్నాడు.

"ఎవలు సూసిండ్రు సున్నం?"

లింబయ్య నేల చూశాడు. లాల్‌మియా సాయవ్వ వైపు చూసి నవ్వాడు. భోజన్నకు అర్థమైంది. ఇంకో ముక్క విరుచుకున్నాడు.

"నందిపేట మనిషికి కబురు పెట్టకుండ్రి," అని పోయాడు.

లింబయ్య వేళ్ల మీద లెక్కపెడితే నలభై రోజులు మార్చి ఇరవై రెండుకు అయిపోయాయి. ఆదివారాలు లెక్కలోకి రావని, ఇంకో వారం ఉందని రామ్‌దాస్ చెప్పాడు. లెక్కలోకి రాని ఆదివారాల్లో ఉప్పు తినొచ్చునా అని లింబయ్య అడిగాడు. అదీ ఉత్తరంలో అడిగానన్నాడు రామ్‌దాస్. జవాబు రాలేదు కాబట్టి లింబయ్య ఆ వారమంతా చప్పిడి గట్కే తిన్నాడు. ఇరవై తొమ్మిదిన ఈస్టర్ విందులో మాంసం కూర రెండు ముద్దలు తిని, నోరు మండి, మిగతా అన్నం ఉత్తదే తిన్నాడు.

ఈస్టర్ తర్వాత ఆ సీజనులో ఇంకా పదకొండు పెనాలు దిగాయి. రెండింటికి సున్నం లింబయ్య చూశాడు. తొమ్మిదింటికి సాయవ్వ చూసింది.