మా రూతు కోసం ఎవరూ చెప్పని స్తోత్రం

సహోదరులారా, సహోదరీలారా, ప్రభువు నామంలో మీ అందరికీ వందనాలు. సాక్ష్యం చెప్పేటప్పుడు మెల్లగా, కన్నీళ్లతో చెప్పాలని ఇందాక ఒకరు నన్ను పక్కకు పిలిచి చెప్పారు. కన్నీళ్లు ఎప్పుడో అయిపోయాయి. మిగిలింది కోపమే. ఆ కోపంతోనే నేను ప్రభువు దగ్గరికి పోయాను, ఆయన నన్ను గెంటెయ్యలేదు, కాబట్టి మీరు కూడా కాసేపు ఓర్చుకోండి.

వేరే ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకు నేను తెలియదు. నా పేరు శాంతమ్మ. నకిరేకల్ పక్కన ఈ ఊళ్లోనే మా ఇల్లు, మగ్గం మాకు బతుకు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన ఏడాదే మా రూతు పుట్టింది. దానికి నడక వచ్చింది, మాటలు వచ్చాయి, పలక పట్టుకొని బడికి పోయే వయసూ వచ్చింది గానీ నాకు మాత్రం మళ్లీ నెల తప్పలేదు. నాకూ ఇంకొక బిడ్డ కావాలని ఉండేది, ఎంత ఉండేదంటే, ఎవరింట్లో ఉయ్యాల కట్టినా ఆ సందులో నుంచి నడవలేక చుట్టూ తిరిగి పోయేదాన్ని. ఆ బాధ నాది, నేను మోసేదాన్నే. దాని మీద మీ ప్రార్థనలు కూడా మొయ్యాల్సి వచ్చింది.

అవును, ప్రార్థనలే. శుక్రవారం కూడికలో నన్ను మధ్యలో కూర్చోబెట్టి, తల మీద చేతులు పెట్టి, "ప్రభువా, సంతానం లేని ఈ బిడ్డను కనికరించు, పిల్లల్లేని హన్నాను చూసి కొడుకునిచ్చినట్టు ఈమెనూ చూడు" అని పెద్ద గొంతుతో అడిగేవాళ్లు. అప్పుడు రూతు నా ఒళ్లోనే ఉండేది. ఒకనాడు ఇంటికి పోతుంటే అది నా కొంగు పట్టుకొని, "అమ్మా, నీకు పిల్లలు లేరంటున్నరు గద, మరి నేనెవల్ని?" అని అడిగింది. నేను దాన్ని ఎత్తుకొని నడిచాను.

మిషన్ దవాఖానకు పోయాను. డాక్టరమ్మ మంచిది, ఓపిక గలది. లోపల గీకి శుభ్రం చేసింది, నెలనెలా సూదులు వేసింది. చివరికి గాలి పరీక్ష చెయ్యాలంది. గర్భానికి పోయే గొట్టాలు మూసుకున్నాయేమోనని కింది నుంచి గాలి పంపి చూస్తారు. అది ముట్టు స్నానం అయిన తర్వాత కొద్ది రోజుల్లోనే చెయ్యాలి, ఆ రోజులు దాటితే మళ్లీ నెల ఆగాలి.

ఇక్కడే మా వీధి నన్ను పట్టుకుంది. నేతపని తెలియనివాళ్లకు చెప్తాను. పడుగు దారాలు మగ్గం ఎక్కే ముందు వాటిని వీధి పొడవునా చాచి, రెండు పక్కలా నిలబడి, గంజి పట్టించి కుంచెలతో దువ్వాలి. ఎండ ముదరకముందే అయిపోవాలి, ఒక్క ఇంటివాళ్లతో అయ్యేది కాదు, అందుకని ఇంటింటికీ వంతు ఉంటుంది, ఒకరి పడుగుకు అందరూ పోవాలి. నేను దవాఖానకు పోవాల్సిన రోజే ఎవరిదో ఒకరి పడుగు వీధిలో ఉండేది. మా అత్తమ్మ గడపకు అడ్డం నిలబడేది. "ఇయ్యాళ మనం పోకపోతే రేపు మన పడుగుకు ఎవలొస్తరు? దవాఖాన యాడికన్న పారిపోతదా?" అనేది. చేతిలో కుంచె పెట్టేది. గంజి పులిసిన వాసన వస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఎన్నో నెలలు తప్పిపోయాక ఒకసారి ఎవరికీ చెప్పకుండా రూతును తీసుకొని బస్సెక్కాను. గాలి పంపినప్పుడు భుజంలో పోటు లేచింది, కేక పెట్టాను. ఆ పోటు రావడమే మంచిదట, దారి తెరిచే ఉందని అర్థమట. "నీలో లోపం కనబడలేదమ్మా, ఈసారి మీ ఆయన్ను తోలుకొని రా" అంది డాక్టరమ్మ.

మా ఆయన యాకోబు ఏమన్నాడో అడగండి. "నాకు బిడ్డ పుట్టలేదా? మొగోడు గిసుంటి పరీక్షలకు పోతడా? ఊర్ల నేను తల ఎత్తుకొని తిరగొద్దా?" అన్నాడు. గీకించుకున్నది నేను, పొడిపించుకున్నది నేను, గాలి కొట్టించుకున్నది నేను. ఆయనకు బస్సెక్కడమే నామోషీ అయింది.

ఆ తర్వాతి ఉపవాస కూడికలో సంఘ పెద్ద లేచి చేతులెత్తాడు. "ప్రభువా, ఈమె ఏ పాపాన్ని దాచిపెట్టి ఉన్నదో దాన్ని అందరి ముందు బయటపెట్టు" అని ప్రార్థించాడు. మీలో చాలామంది ఆమేన్ అన్నారు. నేను విన్నాను, ఆ గొంతులు ఎవరెవరివో కూడా నాకు తెలుసు. నేను మోకాళ్ల మీది నుంచి లేచాను. ఇదీ నేను చేసిన ప్రార్థన:

"ప్రభువా, వీళ్ల మాట వినకు, నా మాట విను. నేను దాచింది ఏదన్న ఉంటే ఇప్పుడే బయటపెట్టు, నేను ఈడనే నిలబడ్డ. ఏం లేకపోతే గీ నోళ్లు మూపియ్యి. నువ్వు ఇచ్చిన బిడ్డ నా పక్కన కూసున్నది, దాన్ని లేనట్టే లెక్కగడుతున్నరు. నీకు కోపం వస్తలేదా తండ్రీ? నాకు వస్తాంది."

దానికి ఆమేన్ అన్నవాళ్లు ఒక్కరూ లేరు. పాటైనా పాడకుండా ఇళ్లకు పోయారు.

కానీ దేవుడు ఆ పెద్దాయన ప్రార్థన కూడా విన్నాడు సహోదరులారా, ఆయన అనుకున్నట్టు మాత్రం కాదు. ఆ వారంలోనే మా ఇంటి పడుగు వంతు వచ్చింది. పొద్దున్నే వీధివాళ్లంతా కుంచెలతో వచ్చి నిలబడ్డారు. మా అత్తమ్మ గంజి కుండ ఎత్తుకొని పోయి బర్రె తొట్టిలో పారబోసింది. "ఇయ్యాళ పడుగు లేదు, పోండ్రి" అని వాళ్లను పంపించి, లోపలికి వచ్చి కొడుకు ముందు నిలబడింది.

"రూతు పారాడే నాడు నీకు గవదబిల్లలు లేసినయి, యాదున్నదా యాకోబు? దవడలు తగ్గినంక కింద వాసింది. నేనే ఆకులు కట్టిన. సిగ్గని ఎవ్వలకు చెప్పలె. గా పెద్దాయన దాసింది బయటపెట్టు అన్నప్పటి సంది నాకు అన్నం సయిస్తలేదు. దాసింది నా కోడలు గాదు, నేను. నడువు, బస్సెక్కు."

ఆయన ఎక్కాడు. డాక్టరమ్మ పరీక్ష చేసి, ఆ జబ్బే ఆయన్ను దెబ్బతీసిందని, ఇక పిల్లలు కలగడం చాలా కష్టమని చెప్పింది. తిరిగి వచ్చేటప్పుడు నార్కట్‌పల్లిలో బస్సు మారాలి. అక్కడ హోటల్లో ఆయన చాయ్ గ్లాసు పక్కకు జరిపాడు. "ఆదివారం నేనే చెప్త" అన్నాడు. చెప్పాడు. మీరంతా ఉన్నారు. "లోపం నాది, నా భార్యను ఎవ్వలు ఏమనొద్దు" అని ఈ గుడిలోనే నిలబడి అన్నాడు. ఆ పూట నా భర్తను చూసి నేను గర్వపడ్డాను. ఆ మాట చెప్పే బలం ఆయనకు ఇచ్చిన దేవునికే మహిమ.

పెద్దాయన మాత్రం ఆ రోజు బైబిలు పేజీలు తిప్పుతూ కూర్చున్నాడు. ఇప్పటిదాకా ఒక్క మాట అనలేదు. క్షమించమని వాక్యం చెప్తుంది, ప్రయత్నిస్తున్నాను, ఇంకా పూర్తి కాలేదు.

ఇప్పుడు నేను ఒక మగపిల్లవాణ్ణి ఎత్తి చూపిస్తానని మీరు ఎదురుచూస్తున్నారు. లేడు. ఇంకొక బిడ్డ పుట్టలేదు, పుట్టదు కూడా. ఆ బాధ పోయిందని అబద్ధం చెప్పను. మీరు నా మీద వేసిన నింద పోయింది, నా ఇంట్లో సిగ్గు పోయింది, నా విడుదల అది. నాలాగా నలుగురి మధ్య తలవంచుకొని కూర్చున్న చెల్లెలు ఇక్కడ ఎవరైనా ఉంటే, తల ఎత్తమ్మా. నీ కోపాన్ని దాచుకోకుండా దేవునికే చెప్పు. ఆయన ఓర్చుకుంటాడు, నమ్ము.

రూతూ, లేచి ఇటు రా బిడ్డా. భయపడకు, నా పక్కన నిలబడు.

దీనికి బాప్తిస్మం ఇచ్చిననాడు మీరు స్తోత్రం చెప్పారు. ఆ తర్వాత ఇన్నేళ్లలో దీని పేరెత్తి ఒక్కరూ చెప్పలేదు. ఇది అన్నీ విన్నది, ఆ స్తోత్రం కూడా వినాలి. చెప్పండి. మీరు చెప్పేదాకా మేమిద్దరం కూర్చోము.