పిల్లల లెక్క అడిగే సెర్వాండో

సెర్వాండోకి మనిషి కనబడితే పలకరించడం చేతకాదు, పిల్లలెంతమంది అని అడగడమే వచ్చు. జవాబు విని ఊరుకుంటాడా అంటే అదీ లేదు. తల కాస్త పక్కకి వంచి, "ఇంకెక్కడైనా ఉన్నారా?" అని రెండో ప్రశ్న వేస్తాడు. కెనడాలోని విన్నిపెగ్‌లో ఉన్న ఫిలిప్పీన్స్ వాళ్ళందరికీ ఆయన బాబాయే. అయినా ఆ బాబాయి ఎదురొస్తుంటే, ముక్కు కొస గడ్డకట్టే చలిలో కూడా రోడ్డు దాటి అవతలి పక్కకి పోయే మొగుళ్ళు చాలామంది ఉన్నారు.

ఒక పెళ్ళిలో పాటల మైకు ఆయన చేతిలో పడింది. పాట పాడొచ్చు కదా! "పెళ్ళికొడుకా, మనీలాలో నీకు పిల్లలెవరైనా ఉంటే ఇప్పుడే చెప్పెయ్, నీకే మంచిది" అన్నాడు. పెళ్ళికూతురి మేనత్త కాల్చిన పందిని కోస్తున్న కత్తితోనే లేచింది. "కత్తి నాకా, అతనికా తల్లీ?" అని అడిగి మరీ, ఈయన బల్లల చుట్టూ పరుగెత్తాడు. అందరూ పడీపడీ నవ్వారు. పెళ్ళికూతురు మాత్రం భోజనాలయ్యేదాకా మొగుడి వంక అనుమానంగానే చూసింది.

చర్చికి కొత్తగా వచ్చిన ఫాదర్‌నీ వదల్లేదు. గుమ్మంలోనే చెయ్యి పట్టుకుని, "ఎంతమంది ఫాదర్?" అన్నాడు.

"ఏడెనిమిది వందల మంది ఉంటారు" అన్నాడాయన పాపం, ఆదివారం వచ్చే జనం గురించి అనుకుని.

"అందర్నీ రాయించారా?"

"ఎక్కడ?"

"ఇమిగ్రేషన్‌లో!"

ఇంతటి మనిషి ఇంట్లో, కింద గదిలో, మారివిక్ అద్దెకుండేది. వృద్ధాశ్రమంలో పని. భర్త ఎడ్సెల్, నాలుగేళ్ళ కూతురు ఫిలిప్పీన్స్‌లో, ఇలోయ్‌లోలో ఉన్నారు. మారివిక్‌కి శాశ్వత నివాసం, అదే పీఆర్, రేపో మాపో చేతికొస్తుంది. వచ్చిన మర్నాడే మొగుడికీ కూతురికీ స్పాన్సర్ చేసి పిలిపించుకోవాలని, ఆ ఇద్దరి కోసం కొన్న చలికోట్లు అప్పుడే మేకులకి తగిలించి పెట్టుకుంది. పని నుంచి రాగానే ఆ చిన్న కోటు చేతుల్లో తన చేతులు దూర్చి చూసుకునేది.

"ఒక్కతే కూతురా?" అనేవాడు సెర్వాండో, మెట్ల మీద కనబడ్డప్పుడల్లా.

"ఒక్కతే బాబాయ్."

"ఇంకెక్కడైనా..."

"లేరు బాబాయ్!"

ఒక ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ వంటింట్లో ఉన్నారు. ఆయన చేపల పులుసు కాస్తున్నాడు, ఆమె అన్నం వారుస్తోంది. ఆయన మళ్ళీ అదే అడిగాడు. మారివిక్ చేతిలో గరిటె విసిరికొట్టింది. అది వెళ్ళి ఫ్రిజ్‌కి తగిలింది.

"ఊళ్ళోవాళ్ళ పిల్లలందరి లెక్కా మీకే కావాలి! మీకెంతమందో ఎప్పుడైనా చెప్పారా? పెళ్ళీ పెటాకులూ లేని మనిషి, మీకేం తెలుసు పిల్లల సంగతి?"

సెర్వాండో పొయ్యి కట్టేశాడు.

"ఒక కూతురు" అన్నాడు.

ఈ ఊళ్ళో ఆయన్ని ఈ ప్రశ్న ఎవరూ తిరిగి అడిగినట్టు లేదు.

"మా నాన్న నన్ను పెళ్ళికాని కొడుకునని స్పాన్సర్ చేశాడమ్మా. వీసా వచ్చేసరికి ఏళ్ళు పట్టింది. వీసా ఆగుతుంది గానీ వయసాగుతుందా? గుట్టుగా పెళ్ళి చేసుకున్నా. పాప పుట్టింది. పెళ్ళయిందని తెలిస్తే వీసా పోతుంది, ముందు నువ్వెళ్ళి దిగు, తర్వాత వాళ్ళని పిలుచుకో అన్నారు అందరూ. బ్రహ్మచారినని సంతకం పెట్టి దిగాను. దిగాక పిలుద్దామని పోతే, 'నీకెవరూ లేరని నువ్వే చెప్పావుగా' అన్నారు. పీఆర్ చేతికొచ్చేలోపు చెప్పనివాళ్ళని తర్వాత తెచ్చుకోవడానికి వీల్లేదట. ఎన్ని అర్జీలు పెట్టినా అదే మాట."

"మరి ఆవిడ?"

"ఏటేటా పెట్టె సర్దుకునేది. చివరికి అందులో బియ్యం పోసుకుంది. నేను వెళ్ళేసరికి శవపేటిక మూత వేశారు. నా కూతురు ఫోన్లో నన్ను 'సార్' అంటుంది. దాని తప్పేం లేదులే. ఏడాదికి ఒకసారి వచ్చి చాక్లెట్లిచ్చి పోయేవాణ్ణి ఇంకేమంటుంది?"

పులుసు గిన్నె మీద మూత పెట్టి ఆయనే అన్నాడు: "ఇదంతా ఏడుస్తూ చెబితే జనం 'అయ్యో పాపం' అనేసి వెళ్ళిపోతారు. పిచ్చి ప్రశ్న అడిగాననుకో, ఇంటికెళ్ళి నన్ను తిట్టుకుంటూనైనా ఆలోచిస్తారు."

"ఇదంతా నాకెందుకు చెబుతున్నారు?"

"దాచిన పిల్లలు లేనివాళ్ళు నవ్వుతారమ్మా. నువ్వు గరిటె విసిరావు."

మారివిక్ ఫ్రిజ్ పక్కన కూర్చుని అంతా చెప్పేసింది. తనకి పదిహేడేళ్ళప్పుడు పుట్టాడు జోమార్. కాగితాల్లో తల్లి తనే. ఊళ్ళో మాత్రం అమ్మ కడసారి కాన్పు అని చెప్పుకున్నారు. వాడికీ అదే చెప్పారు, పెళ్ళప్పుడు ఎడ్సెల్‌కీ అదే చెప్పారు. ముందు మొగుడూ కూతురూ రానీ, తర్వాత తమ్ముడని చెప్పి చదువుకు రప్పించుకోవచ్చు అనుకుంది. అలా అనుకునే కన్నకొడుకు పేరు ఎక్కడా రాయలేదు.

"ఇప్పుడు చెబితే ఆయన నన్నొదిలేస్తాడు బాబాయ్."

"వదిలేస్తాడేమో. చెప్పకపోతే నువ్వు వాణ్ణి వదిలేస్తున్నావు, అంతేగా?"

ఆ సాయంత్రమే ఫోన్ చేసి చెప్పింది. ఎడ్సెల్ ఒక్కమాట మాట్లాడకుండా పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. పనిలో ముసలివాళ్ళకి అన్నం తినిపిస్తూ మారివిక్ కళ్ళు తుడుచుకుంటుంటే, వాళ్ళు తమ కోసమే ఏడుస్తోందనుకుని ఇంకో రెండు ముద్దలు ఎక్కువ తిన్నారు. సెర్వాండో ఇంట్లో దొంగలా నడిచేవాడు, ఎవరినీ ఏమీ అడగడం మానేశాడు. బాబాయికి ఒంట్లో బాగాలేదని ఊరంతా పుకారు పుట్టి, ఒకావిడ గంజి కూడా తెచ్చింది.

వారం తర్వాత ఎడ్సెలే ఫోన్ చేశాడు.

"రేపు మీ అమ్మగారింటికి వెళుతున్నా. వాడికేమిష్టం?"

వాడికేమిష్టమో మారివిక్‌కీ తెలియదు.

"నువ్వే కనుక్కుని నాకు చెప్పు" అంది ఏడుస్తూ.

జోమార్ పేరు రాయించేసరికి ఫైలు మొదటికొచ్చింది. చేతిదాకా వచ్చిన పీఆర్ వెనక్కిపోయింది. మేకుకి వేలాడిన చిన్న కోటు కూతురికి పొట్టిదైపోయింది. మారివిక్ దాన్ని ఎవరికో ఇచ్చేసి పెద్దది కొంది, పక్కన ఇంకోటి తగిలించింది.

చివరికి పీఆర్ వచ్చి, వాళ్ళు దిగిన రోజు సెర్వాండో ఎవరిదో వ్యాను అడిగి విమానాశ్రయానికి తెచ్చాడు. తలుపు తెరుచుకుని ముగ్గురూ బయటికొచ్చారు. కూతురు ఒక్క ఉరుకున వచ్చి మారివిక్ నడుము కరుచుకుంది. పన్నెండేళ్ళ జోమార్ మాత్రం ఎడ్సెల్ వెనకే నిలబడిపోయాడు. దారంతా నేర్చుకున్నదంతా మరిచిపోయి, "అక్కా" అన్నాడు. అనగానే చెవులదాకా ఎర్రబడి తల దించుకున్నాడు.

మారివిక్ నవ్వాలని చూసింది. ముఖం మాట వినలేదు.

"పర్లేదురా" అన్నాడు ఎడ్సెల్, వాడి భుజం మీద చెయ్యేసి. "నిన్ను 'కొడుకా' అనేందుకు నాకూ నోరు తిరగడానికి చాన్నాళ్ళు పట్టింది."

సెర్వాండో పెద్దవాడు కదా అని, తమ ఊరి అలవాటు ప్రకారం, జోమార్ ఆయన చెయ్యందుకుని తన నుదుటికి ఆనించుకున్నాడు. సెర్వాండో ఆ చెయ్యి వెనక్కి తీసుకోలేదు, వాడి తల మీదే ఉంచి, వంగి మెల్లిగా చెప్పాడు.

"ఏమని పిలవాలో తెలీకపోతే ఏమనీ పిలవకు నాయనా. ఆకలేస్తోందని చెప్పు చాలు. మిగతాది ఆవిడ చూసుకుంటుంది."

వాడు కాసేపు బూట్లకేసి చూశాడు. తర్వాత తల ఎత్తకుండానే, "ఆకలేస్తోంది" అన్నాడు.

"వస్తున్నా నాన్నా, వస్తున్నా!" అంది మారివిక్. వాడికి రెండడుగుల దూరంలోనే నిలబడి ఉంది, అయినా వాడి వైపు పరుగు మొదలుపెట్టింది.