ఫోన్లలో దొరకనిది

అందరి మనసుల్లో ఉండి, ఎవరి గుట్టూ ఎవరికీ చెప్పని ఆ నారాయణుడికి నమస్కారం.

ఆరేళ్లుగా ఒక పేరు నా గొంతులో బరువుగా ఉంది. ఇక మోయలేను. మీకు చెబుతున్నాను.

రాయచూరులో మాది చిన్న పార్టీ. పదకొండు మందిమి. సర్కారు కాగితాలు జనం చూడాలి, జనం ఫోన్లలోకి సర్కారు చూడకూడదు. ఇదే మా పట్టు. నేను కార్యదర్శిని. దేవదుర్గ దగ్గర పల్లె నుంచి హనుమవ్వ వచ్చింది. రేషన్ డీలరు మిషన్ మీద వేలు పెట్టించుకుని బియ్యం ఇవ్వడం లేదని చెప్పింది. పేరు బయటికి రాదని మాటిచ్చి, పార్టీ తరఫున అర్జీ పెట్టాం.

ఆ వారమే, శనివారం గుళ్లో భజన అయ్యాక నాగప్పన్న నా పక్కన కూర్చున్నాడు. నాకు గీత చదవడం నేర్పినవాడు. ఆ డీలరు ఆయన బావమరిది.

"ఏందయ్యా కార్యదర్శీ, దేవునికే లేని గుట్లు మీ పార్టీకున్నయా? ఎవరు చెప్పిన్రు మీకు?"

"అది అడగొద్దన్నా."

"దేవుని ముంగట కూసొని నా తాన దాస్తవా? గిదేనా నేను నేర్పింది?"

"హనుమవ్వ," అన్నాను.

అబద్ధమాడలేదు. ఎన్నాళ్లో ఆ మాట పట్టుకునే బతికాను. కానీ ఊరుకుంటే ఏ శాస్త్రం తప్పినట్టు? నేను నిజం చెప్పానా, లేక ఆయన ముందు మంచివాడిననిపించుకోవడానికి నమ్మి వచ్చిన మనిషిని అప్పగించానా?

మరుసటి నెల నుంచి హనుమవ్వ వేలు మిషన్‌కు కలవడం లేదన్నాడు డీలరు. మూడు నెలలు ఖాళీ సంచితో తిరిగి, ఆమె కూలికి బెంగళూరు వెళ్లిపోయింది.

ఆమె పేరు ఎలా బయటపడిందని పార్టీలో విచారణ జరిగింది. అందరి ఫోన్లూ బల్ల మీద పెట్టించి వెతికారు. పాస్‌వర్డులు మార్చారు. నోటిని ఎవరూ అనుమానించలేదు. మాకు తెలిసిన దొంగతనమంతా యంత్రాల్లోనే. నా ఫోన్ శుభ్రంగా ఉంది. అర్జీలు చూసుకునే సరస్వతి ఫోన్‌కు మాత్రం లాక్ లేదు. తప్పు ఆమెదే అన్నారు.

"మీరన్న చెప్పుండ్రి అన్నా, నేను గిట్ల చేస్తనా?" అంది నా వైపు తిరిగి.

ఆమెను తీసేస్తున్నట్టు తీర్మానం రాస్తున్నాను. తల ఎత్తలేదు. పార్టీ కాగితాలన్నీ అందరికీ తెరిచి ఉంచాలన్నది మా నియమం కాబట్టి, ఆ చేతిరాత ఇప్పటికీ ఎవరైనా చూడొచ్చు.

చెప్పాక గొంతు కొంచెం తేలికైంది. దీన్ని క్షమాపణ అనుకోవడం లేదు. సరస్వతి కోసం దేవుణ్ణి అడగలేను. అది నేను చేయాల్సిన పని, ఇంకా చేయలేదు. హనుమవ్వ కోసం మాత్రం మీరూ నాతో చేతులు జోడించండి. తండ్రీ, ఏ ఊళ్లో ఉన్నా, వేలు పెట్టిన చోట ఆమె బియ్యం ఆమె సంచిలో పడనీ.