బాబాయిగారి వెనక పొయ్యి

నాకు ఒకచోట కాలు నిలవదు. అది పుట్టుకతో వచ్చిన గుణమే అయినా, అమలాపురంలో ఈ ఉద్యోగంలో చేరాక ముదిరింది. ఊళ్లో టిఫిన్ హోటళ్లు, బేకరీలు, కొబ్బరి ఎండబెట్టే షెడ్లు, మండపేట దాకా వెళితే బియ్యం మిల్లులు. వీళ్ల పొగ ఎలా తగ్గించుకోవాలో దగ్గరుండి చూపించడం మా చిన్న సంస్థ పని. స్కూటరు డిక్కీలో గాలిని కొలిచే మీటరు పెట్టుకుని తిరుగుతాను. ఎక్కడికెళ్లినా, పలకరింపుకన్నా ముందు ముక్కు ఎగబీలుస్తాను. మా ఆయన ఉద్యోగం కాకినాడలో. ఆదివారం ఇంటికొస్తే, అన్నం తింటూ కూడా నేను కిటికీ వైపే చూస్తున్నానని వెక్కిరిస్తారు.

ఆయనకేం, వారానికొకసారి వస్తారు. మిగతా రోజులన్నీ పాప దగ్గు వినేది నేను.

పాపకి ఆరేళ్లు. వానలు వెలిసి మంచు మొదలైతే చాలు, ఛాతీలో పిల్లికూతలు. ఊపిరి తీసుకున్నప్పుడల్లా మెడ కింద చిన్న గుంట పడుతుంది. ఆ గుంటనే చూస్తూ మంచం పక్కన కూర్చోవడం ఎలా ఉంటుందో నేను చెప్పలేను. కిందటేడు ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చింది. మందు పీల్చే గొట్టం ఇచ్చి, "పొగ తగలనివ్వకండమ్మా" అన్నారు డాక్టరుగారు. ఈ ఏడాది పాపని మళ్లీ ఆ మంచం ఎక్కించకూడదని పంతం పట్టాను. ఊరి గాలి, అందరి ఆరోగ్యం అంటూ మీటింగుల్లో నేను చెప్పేవన్నీ నిజాలే గానీ, నన్ను నిలవనీయకుండా తిప్పేది మాత్రం ఆ గుంటే.

పొగ ఎక్కడిదో వెతుక్కోనక్కర్లేదు. మా పెరటి గోడకి అవతలే బాబాయిగారి హోటలు. చుట్టరికమేమీ లేదు, మా ఆయన చిన్నప్పటినుంచీ అలా పిలవడం వల్ల నాకూ బాబాయిగారే అయ్యారు. ఆయన పెసరట్టుకి పేరుంది. శనివారాలు వాడపల్లి గుడికి వెళ్లేవాళ్ల కార్లు తెల్లారకముందే ఆ సందు మొదట్లో ఆగుతాయి. వంటంతా కొబ్బరి డొక్కల మీదే. మా వైపు కాయ ఒలిచిన చోటల్లా డొక్కల గుట్టే కదా, ఇంకో వంటచెరుకు కొనాలన్న ఆలోచన ఎవరికొస్తుంది? బాగా ఎండినవైతే కొంత నయం. తేమ ఉన్న డొక్క రాజుకుంటే మాత్రం ఆ పొగ పైకి లేవదు. కాలవ మీది మంచుతో కలిసి నేలబారుగా ఇళ్లలోకి దూరుతుంది.

గ్యాసు పెట్టుకోమని ఎన్నిసార్లు బతిమాలానో. ఆ మాటెత్తితే పిన్నిగారు లోపల్నుంచి వచ్చేసేవారు. ఆవిడ పుట్టిల్లు నగరం అనే పల్లెటూరు. గ్యాసు పైపు పేలి ఇళ్లు తగలబడ్డ ఊళ్లో పుట్టి పెరిగిన మనిషి. "ఆ భయం మీకు తెలీదమ్మా. ఇంట్లో ఉన్న ఒక్క సిలిండరు చాలు, హోటల్లో వద్దు" అనేవారు.

అందుకని డొక్కలనే పొగ రాకుండా మండించే ఫ్యాను పొయ్యి గురించి చెప్పాను. "ఆయ్, అలాగేనండి, పెట్టిద్దాం" అనేవారు బాబాయిగారు. అల్లం పచ్చడి ఇంకాస్త వేయించి, అట్టు తినేదాకా కదలనిచ్చేవారు కాదు. మళ్లీ వెళితే మళ్లీ ఆయ్, మళ్లీ అట్టు. మా గోదారి మర్యాద మీద నాకు ఒళ్లు మండేది అప్పుడే. కాదని మొహం మీద అంటే పోట్లాడొచ్చు. ఇంత మెత్తగా ఔనంటూంటే ఎవరితో పోట్లాడాలి?

"మా ఒక్క పొయ్యి వల్లేనాండి గాలి పాడయ్యేది?" అని అడగని యజమాని ఊళ్లో లేడు. బాబాయిగారూ అడిగారు. "మీ వల్లేనండి" అన్నాను, అందరితో అన్నట్టే. అంత కటువుగా చెప్పకూడదని ఆఫీసులో పెద్దాయన మందలిస్తూ ఉంటారు. పిల్ల ఆయాసపడుతున్నప్పుడు తీపి మాటలు నాకు చేతకావు.

ఆ మాట గుచ్చుకుందో ఏమో, వినాయక చవితి వెళ్లాక ఫ్యాను పొయ్యి పెట్టించారు. పైన పొగగొట్టం కూడా వేయించారు. మంట నీలంగా, నిటారుగా లేచింది. మీటరు పట్టుకుని సందంతా తిరిగాను. అంకె అంత తక్కువగా చూడటం అదే మొదలు. ఆ సాయంత్రం నేనే పాయసం వండాను.

పాప దగ్గు మాత్రం తగ్గలేదు సరికదా, పెరిగింది. పొద్దుటి పూట మరీను.

ఇక నాకు పిచ్చెక్కినంత పనైంది. దుప్పట్లు ఉడకబెట్టాను. దిండ్లలో దూది మార్పించాను. దోమల చుట్టలు పారేశాను. ఎదురింటావిడ చెత్త తగలబెడుతున్నారని వీధిలోనే దులిపేశాను. తీరా చూస్తే చెత్తలేదు, ఏమీలేదు, ఆవిడ ఇంట్లో ఉప్మా మాడింది. మళ్లీ వెళ్లి క్షమించమనడానికి మొహం చెల్లక, ఆవిడ గుమ్మం వైపు చూడటమే మానేశాను. ఆఫీసులో కూర్చుంటే ఇంటికి ఫోను, ఇంట్లో ఉంటే కిటికీ తీయడం, మూయడం. బేకరీ యజమానికి పొయ్యి మూత గురించి చెబుతూ మధ్యలో మాట మరిచిపోయేదాన్ని.

ఆ రోజుల్లో కాస్త ఊరట ఉందంటే సాయంత్రమే. ఇంటికి రాగానే పాపని ఒళ్లో కూర్చోబెట్టుకుని జుట్టులో ముక్కు పెట్టేదాన్ని. చక్కటి సాంబ్రాణి వాసన. పగలంతా పొగల వెంట తిరిగిన ప్రాణానికి హాయిగా ఉండేది. ఆదివారం తలంటి పోసి వేసిన సాంబ్రాణి వారమంతా నిలిచిందనుకునేదాన్ని. పగలు ఇంట్లో ఉండే అత్తయ్యగారు పిల్లని అంత శుభ్రంగా చూసుకుంటారన్న ధీమాతోనే పొద్దున్నే స్కూటరెక్కేదాన్ని.

కార్తీక మాసంలో ఒకరోజు తెల్లారేసరికి పాప ఎగశ్వాస పెట్టేసింది. గొట్టం నోటికి ఆనించి మందు పీల్పించాను. కుదుటపడేదాకా వీపు నిమిరి, కిటికీ దగ్గరికి వెళ్లానో లేదో, వాసన. అట్టు వాసన కాదు. మగ్గుతున్న డొక్క వాసన. పాపని అత్తయ్యగారి పక్కన పడుకోబెట్టి, మీటరు తీసుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా హోటలు వెనక గేటు తోసుకుని వెళ్లాను.

పాత పొయ్యి అలాగే ఉంది. కూలగొట్టించేశానన్న పొయ్యే. డొక్కలు పేర్చి, పైన బూడిద కప్పి ఉంచారు. మంట లేదు. సందుల్లోంచి పొగ సన్నగా పాకి మా గోడ దాటుతోంది.

నోటికొచ్చినట్టు అనేశాను. నమ్మించి మోసం చేశారన్నాను. పిల్ల ప్రాణం మీకు అట్టుకన్నా చులకనైందా అన్నాను. బాబాయిగారు పిండి చేత్తోనే వచ్చి, నేను ఆగేదాకా తలొంచుకుని నిలబడ్డారు.

"వంటంతా కొత్తదాని మీదేనండి. ఇది వంటకి కాదండి" అన్నారు.

"మరి దేనికండీ?"

"ఫ్యాను పొయ్యిలో నిప్పులు మిగలవు కదండి, అంతా బూడిదైపోతుంది. పొద్దున్నే మీ ఇంట్లో వదినగారికి నిప్పులు కావాలి కదండి మరి. పాపకి ఆయాసంగా ఉంటోంది, రోజూ సాంబ్రాణి వెయ్యాలని చెప్పేరు. కాదనలేక రాత్రే డొక్కలు కప్పెట్టి ఉంచుతున్నానండి. మీకు తెలుసనుకున్నానండి."

అప్పుడే మా పెరటి తలుపు చప్పుడైంది. అత్తయ్యగారు, చేతిలో మట్టి మూకుడు, నిప్పులు ఎత్తుకోవడానికి.

"పాప నిద్రపోయిందమ్మా. ఏంటీ కేకలు?" అన్నారు.

"రోజూ వేస్తున్నారా అత్తయ్యా?"

"రోజూనే. నువ్వు వెళ్లాక. గాలి తగలకుండా తలుపులేసి, నెత్తి మీంచి దుప్పటి కప్పి వేస్తాను. ఊపిరాడుతుంది పిల్లకి. అబ్బాయికి చిన్నప్పుడు అలాగే తగ్గింది."

దుప్పటి కప్పి. ఊరు ఊరంతా తిరిగి పొగగొట్టాలు పెట్టిస్తున్నాను నేను. ఇక్కడ నా పిల్ల దుప్పటి కింద, నిప్పుల మీద. కోపం ముంచుకొచ్చింది, కానీ ఎవరి మీద చూపించాలో తెలియలేదు. సాంబ్రాణిని నేను ఏనాడూ పొగ అనుకోలేదు. అది నాకు మా అమ్మ ఒడి వాసన. మీటరు పట్టుకుని సందులన్నీ గాలించాను గానీ, నా చేతుల్లోనే ఉన్న ఆ జుట్టు దగ్గర నా ముక్కు పనిచేయలేదు.

"డాక్టరుగారు పొగ వద్దన్నారు కదండీ" అన్నాను.

"సాంబ్రాణి పొగేంటమ్మా?" అన్నారు ఆవిడ. అన్నాక, నా మొహం చూశారు. బాబాయిగారి మొహం కూడా చూశారు. మూకుడు బోర్లించి పట్టుకున్నారు.

బాబాయిగారు ఆయ్ అనలేదు. నూతి దగ్గరికెళ్లి బకెట్టు నీళ్లు తెచ్చి పొయ్యిలో పోశారు. బుస్సుమని ఒక్కసారిగా లేచింది, పొగో ఆవిరో. ఇంకో బకెట్టు తెచ్చారు. గునపం తెచ్చి గోడలు పడగొట్టడం మొదలుపెట్టారు. వాళ్ల నాన్నగారు కట్టిన పొయ్యి అది. "వెళ్లాల్సిన కార్లున్నాయి, అట్లెవరు పోస్తారు?" అని పిన్నిగారు లోపల్నుంచి పిలుస్తున్నా ఆయన ఆగలేదు.

పాప ఆ రోజే బాగైపోలేదు. మందు నడిచింది, కిటికీలు తెరిచే ఉంచాం. నెమ్మదిగా పిల్లికూతలు సన్నబడ్డాయి. మెడ కింద గుంట కనిపించని పొద్దులు వచ్చాయి. ఎదురింటావిడకి పెసరట్లు పట్టుకెళ్లి క్షమించమన్నాను. నేను మాత్రం ఇంకా అర్ధంతరంగా లేచి కిటికీ దగ్గరికి వెళుతూనే ఉన్నాను. సాయంత్రం పాప జుట్టులో ముక్కు పెడితే కొబ్బరినూనె వాసన ఒక్కటే. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ సాంబ్రాణి వాసన లేకపోయేసరికి నాకే ఏడుపొచ్చింది.

అత్తయ్యగారు పొయ్యి ఊసు గానీ, నిప్పుల ఊసు గానీ ఎత్తలేదు. ఒక సాయంత్రం అరుగు మీద పాపకి జడ వేస్తున్నారు. నేను స్కూటరు దిగుతుండగా, తలెత్తకుండానే అడిగారు.

"నా వల్లేనా అమ్మా?"

ఊళ్లో ఎందరో అడిగిన ప్రశ్నే. జవాబు నాకు నోటికి వచ్చు. పాప మెడ వంచుకుని, రిబ్బను కొస చేత్తో తిప్పుకుంటోంది. హాయిగా ఊపిరి తీసుకుంటోంది.

"కాదండి అత్తయ్యా" అన్నాను.

పొగ గురించి నేను చెప్పిన మొదటి అబద్ధం అది. ఆవిడ నమ్మలేదు. పాయలు విప్పేసి, జడ మళ్లీ మొదటినుంచి అల్లడం మొదలుపెట్టారు.