అత్తమ్మ మడమ మీది మచ్చ

మొన్న పొద్దున్నే మెదక్ నుంచి మా బావ, అంటే మా అక్క భర్త, ఫోన్ చేశాడు. "అమ్మ పోయింది బామ్మర్దీ. నిద్రలనే పోయింది, ఎవ్వర్ని పరేషాన్ చెయ్యలే" అన్నాడు. మా మేనత్తకు ఎనభై దాటాయి. ఏడుపొచ్చింది, ఏడ్చాను. అయితే ఆమెను తీసుకుపోయింది వయసే, క్యాన్సర్ కాదు. ఈ మాట కొంచెం గర్వంగానే రాస్తున్నాను.

ఆమె ఎడమ మడమ మీద నల్లమచ్చ ఉండేది. పోలీసు యాక్షన్‌కు ముందటి వానాకాలంలో కౌడిపల్లి దగ్గర మా ఊళ్లో, రజాకార్లు వస్తున్నారన్న మాట విని, మా నానమ్మ ఆమె రెక్క పట్టుకొని జొన్నచేలోకి ఉరికింది. గట్టు మీది తుమ్మముల్లు మడమలో దిగి విరిగింది. అంత చిన్నపిల్ల కిక్కురుమనలేదు. ఇంటికొచ్చాక నానమ్మ, బట్టలకు గుర్తులు పెట్టే నల్లజీడి గింజను మంట మీద కాల్చి, కారే నల్లరసాన్ని ముల్లు దిగినచోట అంటించింది. అప్పట్లో ముల్లుకు అదే మందు.

ఆ మచ్చను అత్తమ్మ ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చూపించేది. "నోరు మూసుకున్న గాబట్టి బతికిన" అనేది. మనం ఏ కష్టం చెప్పుకున్నా అదే సలహా. నాకైతే ఒళ్లు మండేది.

చాలా ఏళ్ల కిందట అందరం ఏడుపాయల జాతరకు పోయాం. మంజీర ఒడ్డున రాయి మీద కూర్చొని ఆమె కాళ్లు కడుక్కుంటుంటే మడమ నా కంట పడింది. మచ్చ రూపాయి బిళ్లను మించిపోయింది. ఒక పక్క నలుపు, ఒక పక్క గోధుమరంగు, అంచంతా వంకరటింకర. పైన రక్తం చెమ్మ.

"ఇదేందత్తమ్మా, గింత పెరిగింది?"

"పాత ముల్లే బిడ్డా. ముక్క లోపల్నే ఉన్నట్టుంది. పోయిన ఎండకాలం సంది జీడి పెడుతున్న, తగ్గుతలేదు."

కన్నకొడుక్కి కూడా చెప్పలేదు మహాతల్లి. మర్నాడే మెదక్ దవాఖానకు తీసుకుపోతే హైదరాబాద్ పంపారు. అక్కడ చిన్న ముక్క తీసి పరీక్షించి, మెలనోమా అనే చర్మ క్యాన్సర్ అన్నారు.

"మేం ఎండల పుట్టి ఎండల పెరిగినోళ్లం. మాకు తోలు క్యాన్సర్ ఏంది?" అంది అత్తమ్మ.

డాక్టరమ్మ ఓపికగా చెప్పింది. "ఒంటికి రంగునిచ్చే కణాలల్ల వస్తదవ్వా ఇది. మనోళ్లకు ఎక్కువగ అరికాళ్లల్ల, అరచేతులల్ల, గోర్ల కింద వస్తది. ముల్లు వల్లనే వచ్చిందని చెప్పలేం. జీడిమచ్చయితే తోలుతోని ఎప్పుడో రాలిపోతుండె. మచ్చ పెరిగినా, రంగు మారినా, రక్తమొచ్చినా పాతదే అనుకోవద్దు."

కోసి తీసేయాలనగానే అత్తమ్మ లేచి నిలబడింది. "రజాకార్లకే దొరకలే, మీ కత్తికి దొరుకుతనా? ఇంటికి పోదాం నడువుండ్రి."

బావ బతిమాలాడు. ఆమె బయట బల్ల మీద కాలు మడుచుకొని కూర్చొని మడమనే చూసుకుంది. ఆమె ధైర్యానికి ఉన్న సాక్ష్యం అదొక్కటే. దాన్నే అబద్ధమంటున్నారు, పైగా కోసేస్తామంటున్నారు. నేను పోయి పక్కన కూర్చున్నాను. చివరికి తనే అంది: "అప్పుడు నోరు మూసుకొని బతికిన. ఇప్పుడు మూసుకుంటే సస్త. కొయ్యమను."

మచ్చతో పాటు చుట్టూ కొంత తీసేసి, తొడ మీది చర్మం తెచ్చి వేశారు. క్యాన్సర్ గజ్జల్లోకి పాకలేదు. ఇంకొంత కాలం జీడి పెట్టుకుంటూ కూర్చుంటే కథ వేరే ఉండేదని డాక్టరమ్మ అంది.

ఆ తర్వాత "నోరు మూసుకో" అన్న మాట ఆమె నోట నేను వినలేదు. ఇంటికి ఎవరొచ్చినా చెంబుతో నీళ్లిచ్చి, "కాళ్లు కడుగుండ్రి, అరికాలు జర చూపియ్యుండ్రి" అనేది. కొత్తల్లుడికీ తప్పలేదు, గ్యాస్ బండ తెచ్చే అతనికీ తప్పలేదు. బావ సిగ్గుతో చచ్చిపోతుంటే, "మొఖం అద్దంల రోజు చూసుకుంటరు. అరికాలు ఎవడు చూసుకుంటడు?" అని ఎదురు దబాయించేది.

మొన్న కాష్ఠం దగ్గర్నుంచి తిరిగొచ్చి, గడప బయట అందరం కాళ్లు కడుక్కున్నాం. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. గోడ పట్టుకొని ఒంటికాలి మీద నిలబడి, ఒక్కొక్కరం అరికాలు తిప్పి చూసుకున్నాం. బావ ఒక కాలు చూసుకొని లోపలికి అడుగు వేయబోయాడు.

"ఇంకో కాలు?" అంది అక్క.

బావ వెనక్కి వచ్చి, తలుపు చెక్క పట్టుకొని, రెండో కాలు ఎత్తాడు.