వంటవాడు తిరిగి రాని ఓడ

2023లో తిరుపతిలో ఉంటూ పిల్లల కోసం ఒక చారిత్రక నవల రాస్తున్నాను. విజయనగర కాలంలో మన తూర్పు తీరం నుంచి, ఎవరూ చూడని దీవులను వెతుకుతూ వెళ్లిన ఓడ కథ. ఓడ, మనుషులు నా కల్పన. గాలులు, సరుకులు, తిండి మాత్రం ఆధారాలు చూసి రాశాను. అంతకుముందు ఏడాది మా అక్క చనిపోయింది. నేను రాసింది మొదట చదివేది ఆమే.

అచ్చుకు ముందు పిల్లలకు చదివి వినిపించడాన్ని ట్రయల్ రీడింగ్ అంటాం. ఎక్కడ ఆవలిస్తారో, ఎక్కడ అడ్డుపడతారో చూసి దిద్దుకుంటాం. చంద్రగిరిలో ఒక బడిలో ఏడో తరగతికి చదివాను. చివరి పేజీలో ఓడ తిరిగొచ్చింది. అందరూ దిగారు.

"అందురూనా సార్?" అంది మౌనిక అనే అమ్మాయి. "తుపాను వచ్చె, నీళ్లు అయిపోయె. ఒకరన్నా సావలేదా?"

"మనం బస్సులో టూరుకు పోతేనే సగం మందికి వాంతులు," అన్నాడు వెనక బెంచీ పిల్లవాడు. "ఈళ్లు గట్టోళ్లప్పా!"

క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను. ఆ ఏడాది కాగితం మీద కూడా ఎవరినీ చంపలేకపోయాను. కానీ పిల్లలు నమ్మని కథను అచ్చుకు ఇవ్వలేను.

నెల తర్వాత మార్చిన ప్రతితో వెళ్లాను. ఇందులో వంటవాడు గంగప్ప దారిలో జ్వరంతో చనిపోతాడు. శవాన్ని సముద్రంలో వదులుతారు. ఓడ తిరిగి రాగానే దాని నాయకుడు కొత్త దీవుల పటం తీసుకుని రాజు దగ్గరికి వెళ్తాడు.

"గంగప్పను ఏల సంపినారు సార్?" అన్నాడు ఆ వెనక బెంచీ పిల్లవాడే.

"మీరే కదా అడిగింది."

"అడిగితే ఆయప్పనేనా? ఓడలో అందుర్నీ తిట్టే ఆ లెక్కలాయన్ని సంపుండొచ్చు గదా!"

మౌనిక నవ్వలేదు. "గంగప్ప ఇంటికి పోయి ఎవురు సెప్పినారు సార్?"

"అలాంటివి ఆధారాల్లో దొరకవమ్మా."

"గంగప్పనే మీరు పుట్టించినారు గదా. వాళ్లింటోళ్లకు మాత్రం ఆధారం కావాల్నా?"

ఇంటికొచ్చి ఇంకో అధ్యాయం రాశాను. నాయకుడు పటాన్ని ఓడలోనే ఉంచి ముందు గంగప్ప ఇంటికి వెళ్తాడు. అతని భార్య ఏమంటుందో నేను ఊహించనక్కర్లేకపోయింది. అక్క పోయినప్పుడు నేను ఊళ్లో లేను. ఆస్పత్రికి చేరి నర్సును మొదట ఏమడిగానో, అదే గంగప్ప భార్యతో అడిగించాను.

"కడాన ఏమన్నా తిన్నాడా?"

"గంజి తాగినాడమ్మా," అంటాడు నాయకుడు. అధ్యాయం అక్కడ ఆగుతుంది.

ఆ కాలపు ఓడలు ఎంతదూరం వెళ్లాయో ఆధారాలు చెబుతాయి. ఇంటికి కబురు ఎవరు తెచ్చారో చెప్పవు. అది రాయకుండా ప్రయాణం ముగిసిందని రాయకూడదని ఆ క్లాసులో నేర్చుకున్నాను.