దుడ్డె మూతి మీద నా చెయ్యి

ఒక అబద్ధం ఇన్నేళ్లుగా నా దగ్గరే ఉంది. ఊరికే ఉండి ఉంటే మోసేదాన్నేమో. దాన్ని నల్లబల్ల మీద రాసి పిల్లలకు పాఠంగా చెప్పాను. బరువంతా అక్కడుంది. నువ్వెవరో నాకు తెలియదు. అదే మంచిది. తెలిసినవాళ్లకైతే ఈ మాట నోట రాదు.

మాది జహనుమాలో పాల ఇల్లు. మా వెనక గోడకు ఆనుకుని రహీమా ఆపా ఇల్లు. వయసులో నాకంటే పెద్దది, నోరు ఇంకా పెద్దది. రోజూ పొద్దున్నే మా వెనక తలుపు దగ్గర గిన్నె పట్టుకుని నిలబడేది.

"ఏం పాల్‌వాలీ, ఇయ్యాల నల్లా నీళ్లు ఎన్ని కలిపినవ్?"

"మీ గిన్నెలకైతే నీళ్లల్లనే పాలు కలుపుత ఆపా."

నా రెండో కాన్పులో బొడ్డు కోసింది ఆమే. అంతటి మనిషి.

డెబ్బైల చివర ఒకసారి హిందూ ముస్లింల లొల్లి అయి కర్ఫ్యూ పెట్టారు. అఫ్జల్‌గంజ్ హోటళ్లకు పోవాల్సిన పాలు ఇంట్లోనే ఉండిపోయాయి. మరునాడు వెనక తలుపు చప్పుడైంది. ఆపా. ఆమె మనవరాలు నస్రీన్ అప్పుడు చంటిది. తల్లికి పాలు పడక మా బర్రె పాలతోనే పెరుగుతోంది.

"జరంత పాలు పొయ్యి. పిల్ల ఏడుస్తున్నది" అంది ఆపా గొంతు తగ్గించి.

నేను తలుపుకు ఇవతలే ఉన్నాను. పక్కన బర్రె దుడ్డె. నేను దగ్గరికి పోతే చాలు, పాలకోసం అరవడం దానికి అలవాటు. ఆ సంగతి ఆపాకు తెలుసు. అది అరిస్తే నేను ఉన్నట్టే. రెండు చేతులతో దాని మూతి గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. దాని వేడి ఊపిరి నా అరచేతుల్లో కొట్టుకుంది. ఆపా ఇంకోసారి పిలిచింది. వెళ్లిపోయింది.

తలుపు ఎందుకు తీయలేదు? ఎవరైనా చూస్తే మా మీదికి వస్తారని భయం. భయమేనా? ఆ రెండు రోజులూ చుట్టూ అందరూ "వాళ్లు, వాళ్లు" అంటుంటే నేనూ అన్నాను కదా, అలా అంటూ అంటూ ఆపాను కూడా ఆ మాటలోకి తోసేశానా? ఇప్పటికీ తెగదు. సాయంత్రానికి పాలు విరిగిపోతే మోరీలో పారబోశాను. బిందెడు పాలు. ఇది మాత్రం నాకు బాగా తెలుసు.

కర్ఫ్యూ సడలించగానే వాళ్లు మలక్‌పేటలో ఆపా తమ్ముడింటికి వెళ్లిపోయారు. ఇంకొన్ని కుటుంబాలూ గల్లీ విడిచాయి.

అప్పట్లో సుగుణ టీచరమ్మ చర్చి వెనక రేకుల గదిలో మధ్యాహ్నాలు ఆడవాళ్లకు చదువు చెప్పేది. నేను నలభై దాటాక అక్కడే అ ఆలు దిద్దాను. ఒకరోజు ఆమె, గల్లీ విడిచిపోయిన వాళ్లకు తలా ఒక ఉత్తరం రాయమంది.

"పెద్ద పెద్ద మాటలు వద్దు. ముందుగాల మీ తప్పు రాయిండ్రి. రాజీ గాడికెల్లే మొదలైతది."

నా జన్మలో అది మొదటి ఉత్తరం. ఇలా రాశాను: "ఆపా, నా తప్పేమంటే ఆ రోజు నేను ఇంట్లో లేకపోవడం. మా అక్క ఇంటికి పోయి కర్ఫ్యూలో చిక్కుకున్నాను. ఉంటే నీకు తలుపు తీయనా? వచ్చెయ్యి. మా బర్రెలు నీ గిన్నె కోసం చూస్తున్నాయి."

టీచరమ్మ దాన్ని అందరికీ చదివి వినిపించి కళ్లు తుడుచుకుంది. బస్సు డిపోలో మెకానిక్ పని చేసే ఆపా కొడుక్కి తెలుగు చదవడం వచ్చు. అతను తల్లికి చదివి చెప్పాడట. కొన్నాళ్లకు సామానుతో రిక్షా వచ్చి ఆగింది. వెనక తలుపు చప్పుడైంది.

"బర్రెలు పిలిచినయంట గదా, ఏవీ?" అంది ఆపా, గిన్నె చూపిస్తూ.

ఆమె వచ్చిందని మిగతావాళ్లూ ఒక్కొక్కరే వచ్చారు. టీచరమ్మకు వేరే ఊరికి బదిలీ అయ్యాక ఆ గది నాకు అప్పజెప్పింది. పిల్లలూ వచ్చేవారు. ఎవరు కొట్లాడుకున్నా ఉత్తరం రాయించేదాన్ని, మొదట నీ తప్పు రాయి అని. నమూనాకు ప్రతి ఏడూ నా ఉత్తరమే బల్ల మీద రాసేదాన్ని.

ఒకసారి ముందు వరసలోంచి నస్రీన్ లేచింది. అప్పటికి ఎనిమిదేళ్లది. నన్ను నానీ అనేది, అమ్మమ్మ అని.

"నానీ, ఇంట్ల లేకపోవుడు తప్పెట్లయితది?"

"ఏంది?"

"తప్పంటే మనం చేసింది గదా. నువ్వేం చేసినవ్?"

పిల్లలు కిసకిసలాడారు.

"మస్తు తెలివైంది నీకు. ఊకో, కూసో" అని కసిరాను.

కూర్చుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. సాయంత్రం పెద్ద గ్లాసు నిండా మీగడ పాలిచ్చాను. పాల మీసంతో నవ్వింది.

నిజం ఎందుకు చెప్పలేదు? అబద్ధంతో వచ్చినా వచ్చింది రాజీయే కదా అనుకున్నాను. చెబితే గల్లీ మళ్లీ చెడుతుందని కూడా అనుకున్నాను. అవన్నీ పైమాటలు. పొద్దున్నే ఆపా వెక్కిరింపు వినకుండా నాకు తెల్లవారదు. అది పోతుందని చెప్పలేదు. నా స్వార్థం.

ఆపా పోయింది. నిజం తెలియకుండానే పోయింది. తెలిసి ఊరుకుందా అంటే, అదీ చెప్పలేను.

నస్రీన్ ఇప్పుడు మలక్‌పేటలో పంతులమ్మ. నాకు ఉత్తరాలు రాస్తుంది. ప్రతిదీ తన తప్పుతోనే మొదలుపెడుతుంది: "నానీ, ముందు నా తప్పు. రంజాన్‌కు వస్తానని రాలేదు." మొన్నటి దాంట్లో ఇంకో మాట కూడా రాసింది. దాదీ, అంటే ఆపా, దాచుకున్న నా ఉత్తరం మడతల దగ్గర చిరిగిపోయిందట. తన బడి పిల్లలకు పాఠంగా చెబుతుందట. మళ్లీ రాసి పంపమంది.

ఇక కూర్చున్నాను. నాతో పోవాల్సిన అబద్ధం, ముక్కూ మొహం తెలియని పిల్లల దాకా పోతుందా?

"నస్రీన్, నా తప్పేమంటే ఆ రోజు నేను ఇంట్లోనే ఉన్నాను. నువ్వు పాలకు ఏడుస్తుంటే, దుడ్డె మూతి పట్టుకుని కూర్చున్నాను."

ఇంతవరకే రాశాను. చదివాక నన్ను నానీ అంటుందో లేదో తెలియదు. అడగను కూడా. దుడ్డె మూతి వదిలేశాను. అరిస్తే అరవనీ.